నాలుగో బోర్డు

మా అనంతపురంలో చదరంగం గట్టిగా ఆడేవాళ్ళు ఇరవై మంది దాకా ఉంటారు. వాళ్ళలో పెళ్ళయిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. గొప్ప కోసం చెప్పడం లేదు. జట్టులో నాకు చోటు దొరికింది ఆడదాన్ని అయినందువల్లే కాబట్టి ముందుగా చెప్పేస్తున్నాను. జిల్లాను రెండు ముక్కలు చేశారు గానీ మా ఆదివారం లీగును ఎవరూ విడదీయలేదు. అనంతపురం, రాప్తాడు, కణేకల్, గోరంట్ల, ఇలా ఊరికొక జట్టు. జట్టుకు నలుగురు, నాలుగు బోర్డులు. నాలుగో బోర్డు దగ్గర తప్పనిసరిగా ఒక ఆడమనిషి గానీ బడికి పోయే ఆడపిల్ల గానీ కూర్చోవాలన్నది నిబంధన. ఎవరూ దొరక్కపోతే ఆ బోర్డు ఆడకుండానే ఓడినట్టు.

మా జట్టులో ఆ చోట ఆడే అమ్మాయి ఇంటర్ చదవడానికి హాస్టల్‌కు వెళ్ళిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా జట్టు కెప్టెన్ మా అంగడికి వచ్చాడు. ఆయనకు పాతూరులో సిమెంటు దుకాణం ఉంది. మాది స్టీలు సామాన్ల అంగడి. ఆయన గంగాళం కొనడానికి వచ్చాడు. నేను గల్లా దగ్గర కూర్చొని ఉన్నాను. ఒళ్ళో పాప నిద్రపోతోంది. ఒక చేత్తో పాపను పట్టుకొని ఇంకో చేత్తో ఫోనులో చదరంగం ఆడుతున్నాను. ఆయన గంగాళం చూడకుండా ఫోనులోకి వంగి చూశాడు.

"ఏమ్మా, ఆ ఏనుగును కొడితే నీ మంత్రి పోతాది గదా?"

"పోనీ అన్నా. మూడెత్తుల్లో రాజు దొరుకుతాడు."

ఆయన అక్కడే నిలబడి మూడెత్తులూ చూశాడు. రాజు దొరికాడు. గంగాళాన్ని కింద పెట్టి మా ఆయన వైపు తిరిగాడు.

"ఏమప్పా, ఇంట్లో ఇట్లాంటి మనిషిని పెట్టుకోని మాకు ఒక్క మాట చెప్పకుండా ఉండావే!"

"నాకేం తెలుసన్నా? ఫోనులో రీల్స్ చూస్తాందేమో అనుకుంటాంటి," అన్నాడు మా ఆయన.

అలా చేరాను. ఇంట్లో మా అత్తతో చెప్పడం ఒక్కటే మిగిలింది. ఆమె వంటింట్లో కొర్రలు చెరుగుతోంది. నేను చెప్పిందంతా విని, చేట ఆపకుండానే అడిగింది.

"ఆదివారం పూట మొగోళ్ళ మధ్యన కూచోని బొమ్మలు జరుపుతావా? జరుపు. పాపకు అన్నం ఎవురు పెడతారు?"

"నువ్వే పెట్టల్ల అత్తా."

"అదీ. అట్ల అడుగు. అడిగితే పెడతా."

నా భయం గురించి కూడా చెప్పాలి. అది లేకుండా ఆ కుర్చీ నాకు ఎందుకంత ముఖ్యమో ఎవరికీ అర్థం కాదు. పాపకు ఏడాది నిండిన కొత్తలో ఒకసారి జ్వరం వచ్చి ఫిట్స్ పట్టాయి. రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల తర్వాత నేను మామూలు మనిషిని కాలేకపోయాను. పాప ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. తక్కువసేపు నిద్రపోతే ఏమైందని చూస్తాను. నా చేతిసంచిలో థర్మామీటరు లేని రోజు లేదు. డాక్టరు ఇది పెద్ద జబ్బేం కాదు, ఐదేళ్ళకు దానంతట అదే పోతుందన్నాడు. ఐదేళ్ళంటే ఎన్ని పగళ్ళు, ఎన్ని రాత్రులు! ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా పాప నిద్రపోయాకే, మధ్య మధ్య లేచి నుదురు తాకి చూస్తూనే.

ఇంట్లో నా భయానికి అంచు ఉండదు. ఎటు నుంచి ఏం వస్తుందో తెలియదు. బోర్డు ముందు కూర్చున్నప్పుడూ భయమే. కానీ అక్కడ భయం అరవై నాలుగు గడుల్లోనే ఉంటుంది. ఎదుటి గుర్రం ఎక్కడెక్కడికి దూకగలదో లెక్కపెట్టుకోవచ్చు. దానికి అడ్డం పెట్టుకోవచ్చు. రెండు గంటలు అలా లెక్కపెట్టి ఇంటికొస్తే, వారం రోజులు నాకు ఊపిరి సరిగ్గా ఆడేది. మా ఆయన ఇది నాకన్నా ముందు కనిపెట్టాడు. "ఆదివారం ఆడొచ్చినాక సోమవారం నువ్వు థర్మామీటరు తీయలేదు," అన్నాడొకసారి. నేను గమనించనే లేదు. అప్పటి నుంచి ఆ కుర్చీ పోకూడదన్న పట్టుదల నాలో మొదలైంది.

మొదటి రెండు ఆటలూ ఓడిపోయాను. మూడోది డ్రా. నాలుగోది గెలిచాను. ఆ తర్వాత కణేకల్‌లో ఒక పొరపాటు చేశాను.

నాకు చదరంగం నేర్పింది మా నాయన. ఆయన శెనక్కాయ మండీలో గుమాస్తా. వాన పడని ఏడు మండీకి కాయలు రావు. తూకం రాళ్ళు మూలన పడి ఉంటాయి, హమాలీలు ఖాళీ గోతాల మీద కూర్చొని ఉంటారు. అప్పుడు నాయనా, ఆయన తోటి గుమాస్తాలూ చదరంగం పరిచేవాళ్ళు. నేను చూసి నేర్చుకున్నాను. మా చిన్నప్పుడు వానలు పడని ఏళ్ళే ఎక్కువ కాబట్టి బాగానే నేర్చుకున్నాను.

కాకపోతే అది పాత ఆట. మండీ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజు చెక్ పడకుండా ఉంటే ఒకసారి గుర్రంలా దూకొచ్చు. అన్నిటికన్నా పెద్ద తేడా, బంటు అవతలి చివరకు చేరినప్పుడు. పోటీ ఆటలో బంటు ఏ గడిలో దిగినా దాన్ని తీసేసి మంత్రిని పెట్టుకోవచ్చు. అందరూ అదే పెట్టుకుంటారు, మంత్రిని మించిన బలం లేదు కాబట్టి. మండీ ఆటలో అలా కుదరదు. బంటు ఎవరి ఇంట్లో దిగితే వాళ్ళే అవుతుంది. ఏనుగు ఇంట్లో దిగితే ఏనుగు. ఒంటె ఇంట్లో దిగితే ఒంటె. గుర్రం ఇంట్లో దిగితే గుర్రం. "ఎవరింట్లో కాలు పెడితే వాళ్ళ కోడలు," అనేవాడు నాయన, నన్ను చూసి నవ్వుతూ.

కాలేజీలో చేరాక పోటీ ఆట నేర్చుకున్నాను. పాత ఆట మర్చిపోయాననే అనుకున్నాను.

కణేకల్‌కు బయలుదేరిన ఆదివారం పొద్దున పాప ఒళ్ళు కొద్దిగా వెచ్చగా ఉంది. నేను వెళ్ళనన్నాను. మా ఆయన వెళ్ళమన్నాడు. మా అత్త అయితే, "వెచ్చగ లేకపోతే సల్లగుంటాదా మనిషి ఒళ్ళు? పో, జీపు వస్తాంది," అని నన్ను గడప దాటించింది. దారంతా ఎండిన చేలు చూస్తూ పోయి, కణేకల్ దగ్గరికి వచ్చేసరికి కాలువ కింద వరి పచ్చగా కనిపించింది. మా జట్టులో మూడో బోర్డు ఆడే కండక్టరన్న ఎప్పటిలాగే, "ఈళ్ళకు నీళ్ళుండాయి, ఆట యాడుంటాది?" అన్నాడు. ఆట కూడా ఉంది వాళ్ళకు. ఒకటో బోర్డు దగ్గర కెప్టెన్ ఓడిపోయాడు. రెండో బోర్డు దగ్గర లెక్కల మాస్టారు డ్రా చేశాడు. కండక్టరన్న గెలిచాడు. అంతా నా దగ్గరికి వచ్చి ఆగింది.

నా ఎదురుగా డిగ్రీ చదివే అమ్మాయి. నా ఆట చాలా బాగుంది. నా బంటు ఒకటి అడ్డమేమీ లేకుండా అవతలి చివరకు పోతోంది. ఆమె బంటు కూడా పోతోంది గానీ నాదే ముందు. కానీ నా గడియారంలో నిమిషం కన్నా తక్కువే మిగిలింది. నా తల సగం ఇక్కడుంది, సగం ఇంట్లో. ఫోను ఆపి సంచిలో పెట్టాను. పాపకు జ్వరం ఎక్కి ఉంటే ఇంటి నుంచి ఫోను చేస్తుంటారు, నాకు వినపడదు. అది అనుకుంటూనే బంటును చివరి గడిలోకి నెట్టాను. అది గుర్రం ఇల్లు.

నా చేయి బల్ల పక్కనున్న చచ్చిన పావుల్లోకి వెళ్ళింది. గుర్రాన్ని తీసింది. ఆ గడిలో పెట్టింది. గడియారం నొక్కింది.

ఎదుటి అమ్మాయి బోర్డు చూసింది, నన్ను చూసింది, మళ్ళీ బోర్డు చూసింది. ఆమెకు ఏదో ఎత్తుగడ అనిపించి ఉంటుంది. పాపం, చాలాసేపు ఆలోచించింది. నాకు మాత్రం గడియారం నొక్కిన వేలు ఇంకా దాని మీద ఉండగానే తెలిసిపోయింది. తీర్పు చెప్పే ఆర్బిటర్ దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయన వైపు చూశాను. పెట్టేశాక, నొక్కేశాక ఇంకేమీ చేయలేమన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మంత్రి అయ్యుంటే ఆట రెండెత్తుల్లో ముగిసేది. ఆ గుర్రం ఏమీ చేయలేకపోయింది. ఎదుటి అమ్మాయి బంటు కూడా చివరకు చేరింది. ఆమె మంత్రినే పెట్టుకుంది.

బయటికొచ్చి ఫోను చేశాను. పాప బొరుగులు తింటోందట.

తిరుగుదారిలో జీపు బళ్ళారి రోడ్డు ఎక్కాక కెప్టెన్ ముందు సీట్లోంచి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"గుర్రం ఎందుకు పెట్టినావమ్మా?"

"గుర్రం ఇల్లు గదన్నా అది. మా నాయన వాళ్ళు అట్లే ఆడేవాళ్ళు."

లెక్కల మాస్టారు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. కండక్టరన్న దాచుకోలేదు. "ఇంగా నయం, బంటును వాళ్ళింట్లోనే కాపురం పెట్టించినావు," అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. కెప్టెన్‌కు రాలేదు. ఆ ఓటమితో మా జట్టు పట్టికలో అడుగుకు చేరింది. ఇంకొక్క మ్యాచే మిగిలింది, గోరంట్లతో. అడుగున ఉన్న జట్టు వచ్చే ఏడు కింది లీగులోకి దిగిపోవాలి.

నాలుగు రోజుల తర్వాత కండక్టరన్న మా అంగడి ముందు ఆగి, గోరంట్లకు నన్ను తీసుకుపోవడం లేదని చెప్పాడు. లెక్కల మాస్టారి బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి బాగా ఆడుతుందట. ఆమెను కూర్చోబెడతారట. వచ్చే ఏడాది కూడా ఆమేనట. ఆయన బాధపడుతూనే చెప్పాడు. నేను సరేనన్నాను. ఆయన వెళ్ళాక గ్లాసులు తుడుస్తూ కూర్చున్నాను. తుడిచిన గ్లాసులే మళ్ళీ తుడుస్తున్నానని మా ఆయన వచ్చి చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు.

"పోయి అడుగు," అన్నాడు.

"ఏమని అడగల్ల?"

"నాకేం తెలుసు? ఆడేది నువ్వు."

పాపను చంకనేసుకొని సిమెంటు దుకాణానికి వెళ్ళాను. బస్తాలు దింపుతున్నారు. దుమ్ముకు పాప దగ్గుతుందని గుమ్మం బయటే నిలబడ్డాను.

"లోపలికి రామ్మా, బయట నిలబడితివే," అన్నాడు కెప్టెన్.

"వద్దన్నా. దుమ్ము పాపకు పడదు."

ఆయనే తలా చేతులూ దులుపుకొని బయటికొచ్చాడు. నేను చుట్టూ తిప్పి మాట్లాడలేను. మాట్లాడితే ఏడుపొస్తుందని భయం.

"గోరంట్లకు నేను వద్దన్నారంట గదా?"

"ఎవురు చెప్పింది? కండక్టరా? వానికి నోట్లో మాట నిలవదు. బస్సులో స్టాపు పేరు అరిసినట్ల అందరికీ అరుస్తాడు."

"నిజమా కాదా చెప్పన్నా."

"నిజమేమ్మా. నీ మీద కోపం గాదు. జట్టు దిగిపోయేటట్లుండాది. ఆ పిల్లకు తప్పు చేసే అలవాటు లేదంట."

"కణేకల్‌లో నేను గెలిచే ఆట ఓడినా అన్నా. ఓడే ఆట ఓడలేదు."

"రెండిటికీ సున్నానే గదమ్మా ఏసేది."

పాప ఆయన చెవి మీద అంటిన సిమెంటు మరకను చూపించి నవ్వింది. ఆయన తుడుచుకున్నాడు. అప్పుడన్నాను.

"ఒక్క ఆట ఇయ్యన్నా. గెలుస్తా. గెలవకపోతే వచ్చే ఏడు ఆ పిల్లనే కూచోబెట్టుకో. నేను ఒక్క మాట అడగను."

ఆ షరతు ఆయన పెట్టింది కాదు. నేనే పెట్టుకున్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఇంకే మాట అన్నా ఆయన కాదనేవాడని అనిపించింది.

"గెలవల్ల. డ్రా అయినా లెక్కలేదు. మాటేనా?" అన్నాడు.

"మాటే."

గోరంట్ల మ్యాచ్‌కు పది రోజులుంది. మధ్యాహ్నం అంగడిలో గిరాకీ లేని వేళ బోర్డు పరిచి కూర్చునేదాన్ని. బంటును ఎనిమిది గడుల్లోనూ ఒక్కొక్కదానిలోకి నెట్టడం, ప్రతిసారీ మంత్రిని పెట్టడం, గడియారం నొక్కినట్టు బల్ల మీద కొట్టడం. ఇలా రోజుకు యాభైసార్లు. చూసేవాళ్ళకు పిచ్చి పట్టిందనిపించి ఉంటుంది. నా బుర్రకు తెలిసింది నా చేతికి కూడా తెలియాలి, అంతే. పాప వచ్చి మంత్రిని ఎత్తుకుపోయేది. ఒకరోజు తెల్ల మంత్రి బియ్యం డబ్బాలో దొరికింది. మా అత్త దాన్ని కడిగి తెచ్చి నా ముందు పెట్టింది. "అన్నంలో ఉడికిపోతాండె నీ మంత్రి. సూసుకో," అంది.

ఆఖరి మ్యాచులన్నీ గోరంట్లలో ఒకే కల్యాణ మండపంలో పెట్టారు. అన్ని జట్లూ వచ్చాయి. ముందురోజు పెళ్ళేదో జరిగినట్టుంది, కుర్చీలకు ఎర్ర గుడ్డలు ఇంకా కట్టే ఉన్నాయి. ఫోను ఆపే ముందు ఇంటికి చేశాను.

"పాప ఏం చేస్తాంది అత్తా?"

"నువ్వు పోయిన పది నిమిషాలకే నిన్ను మర్చిపోయింది. నువ్వు గూడ మర్చిపో."

నాకు ఎదురుగా కూర్చున్నది రెండు జడల పిల్ల. పదమూడేళ్ళుంటాయేమో. కుర్చీ ఎత్తు చాలక కింద రెండు పుస్తకాలు వేసుకుంది. అంత చిన్నపిల్లను చూస్తే నాలో తల్లి బయటికొస్తుంది, అది ప్రమాదం. అందుకే ఆమె ముఖం చూడకుండా చేతుల్ని చూడాలనుకున్నాను. ఆ చేతులు ఎక్కడా తడబడలేదు. నా ప్రతి ఎత్తుకూ ముందే జవాబు రాసిపెట్టుకున్నట్టు ఆడింది. నేను కూడా తొందరపడలేదు. ప్రతి ఎత్తుకూ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఆమె నన్ను ఏమేం చేయగలదో లెక్కపెట్టి, అప్పుడే చేయి పైకెత్తాను.

గంట దాటేసరికి మిగతా మూడు ఆటలూ ముగిశాయి. కెప్టెన్ గెలిచాడు. మాస్టారు ఓడిపోయాడు. కండక్టరన్న డ్రా. ఒకటిన్నర, ఒకటిన్నర. మళ్ళీ నా దగ్గరికే వచ్చి ఆగింది. పట్టిక ప్రకారం ఈ మ్యాచ్ సమంగా ముగిసినా మా జట్టు పై లీగులో నిలుస్తుంది. ఓడితే దిగిపోతుంది. అంటే మా జట్టుకు నేను గెలవాల్సిన పని లేదు, ఓడకుండా ఉంటే చాలు. గెలవాల్సిన పని నా ఒక్కదానికే ఉంది.

బోర్డు మీద ఇద్దరికీ రాజూ, ఒక ఏనుగూ, కొన్ని బంట్లూ మిగిలాయి. నాకు ఒక బంటు ఎక్కువ. అప్పుడా పిల్ల తల ఎత్తి, చాలా మర్యాదగా, "డ్రా చేసుకుందామా ఆంటీ?" అంది.

మా లీగులో ఆట మధ్యలో ఆటగాడితో మాట్లాడే హక్కు కెప్టెన్‌కు ఒక్క విషయంలోనే ఉంది. డ్రా అడిగినప్పుడు, ఆర్బిటర్ ముందు, "ఒప్పుకో" అనో "నీ ఇష్టం" అనో చెప్పవచ్చు. అంతకు మించి ఒక్క అక్షరం చెప్పకూడదు. కెప్టెన్ నా వెనకే ఉన్నాడు. తిరిగి చూశాను.

"ఒప్పుకోమ్మా," అన్నాడు.

ఆయన తప్పేం లేదు. ఆ స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. ఒప్పుకుంటే జట్టు నిలుస్తుంది, నేను పోతాను. నా మాటకు నేను కట్టుబడాలి గదా. బోర్డు వైపు తిరిగి చాలాసేపు చూశాను. ఏం చూశానో నిజాయితీగా రాస్తాను. మొదట నా కుర్చీనే చూశాను. ఆ తర్వాతే ఆట చూశాను. ఓడిపోయే దారి ఎక్కడైనా ఉందా అని ఒక్కొక్క గడీ వెతికాను. నా రాజు భద్రంగా ఉంది. ఏనుగులు మార్చుకుంటే ఇంకా భద్రం. నేను పొరపాటు చేస్తే తప్ప ఓడను. కణేకల్‌లోనూ పొరపాటు చేస్తే తప్ప ఓడను అనే అనుకున్నాను. అది కూడా గుర్తుంది. గుండె దడదడలాడుతోంది. పాపకు జ్వరం చూసేటప్పుడు ఎలా కొట్టుకుంటుందో అలాగే. కానీ ఇక్కడ నేను ఏదో ఒకటి చేయగలను.

"లేదమ్మా. ఆడదాం," అన్నాను.

వెనకాల కెప్టెన్ కుర్చీ గట్టిగా చప్పుడు చేసింది. ఆయన లేచి మండపం బయటికి వెళ్ళిపోయాడని తర్వాత కండక్టరన్న చెప్పాడు.

ఇంకో నలభై ఎత్తులు ఆడాం. ఏనుగులు మార్చుకున్నాం. బంట్లు ఒక్కొక్కటే పోయాయి. ఆటలు ముగిసిన వాళ్ళంతా మా బల్ల చుట్టూ చేరారు. వాళ్ళ చెమట వాసన, వక్కపొడి వాసన నాకు తెలుస్తూనే ఉంది. నా బంటు, దాని వెనక నా రాజు, ముందుకు పోతూనే ఉన్నాం. ఆ పిల్ల రాజు ప్రతిసారీ సరిగ్గా వచ్చి మా దారికి అడ్డంగా నిలబడింది. పక్కకు తప్పించుకోవాలని చూశాను, రానివ్వలేదు. ముందుకు పోకుండా ఒక ఎత్తు ఊరికే పక్కకు ఆడి చూశాను, ఆ పిల్లా అలాగే ఆడింది. ఒక్కసారైనా తప్పు గడిలోకి జరుగుతుందేమో అని ఎదురుచూశాను. జరగలేదు. చివరికి బోర్డు మీద రెండు రాజులూ, నా ఒక్క బంటూ మిగిలాయి. ఆ పిల్ల రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. డ్రా.

ఆ పిల్ల చేయి చాపింది. చేయి చల్లగా, తడిగా ఉంది. తనకూ అంత భయం వేసిందన్నమాట. "బాగా ఆడినావు," అన్నాను. "మీరు వదల్లేదు ఆంటీ," అంది, కొంచెం కోపంగానే.

బయట వేపచెట్టు కింద కెప్టెన్ నిలబడి ఉన్నాడు. ఫలితం అప్పటికే తెలిసింది. జట్టు నిలిచింది. అయినా ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"ఒప్పుకోమంటి గదమ్మా నేను."

"అన్నారన్నా."

"ఆడ ఒక్క గడి తప్పింటే మనమంతా కిందికి పోయింటిమి. నీ ఒక్కదాని కోసం."

"అవునన్నా."

నేను కాదంటానని ఆయన అనుకున్నట్టుంది. కాదనలేదు. నిజం అదే. ఆయన గొంతు తగ్గించి, "బాగనే పట్టినావు ఆ పిల్లను. అది వేరే సంగతి. మాట మాత్రం మాటే," అన్నాడు.

"మాటే అన్నా. గెలవలేదు నేను."

ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి రెండు గ్లాసులు తాగాను. కుండ పక్కన పెద్ద మీసాలాయన ఒకడు గోడకానుకొని, నన్నే చూస్తున్నాడు. ఆట చివరంతా మా బల్ల దగ్గర నిలబడింది ఆయనే. ఆయనే పలకరించాడు.

"మాది రాప్తాడమ్మా. హైవే మీద టీ అంగడి. జట్టుకు నేనే కెప్టెన్‌ను. మా కులపోళ్ళంతా గొర్లు మేపేవాళ్ళే, ఆటంటే పానం ఇస్తారు. కానీ ఆడోళ్ళను ఒక్కరిని గూడ తేలేకపోయినాం. ఈ ఏడంతా నాలుగో బోర్డు ఖాళీ. ముగ్గురితోనే ఆడినాం. మీ కెప్టెన్ నిన్ను ఇడిసిపెట్టినాడా?"

"షరతు ప్రకారం నేనే పోయినా."

"ఒప్పుకోమంటే ఒప్పుకోకుంటివి గదా?"

"తప్పే అన్నా అది."

"తప్పో ఒప్పో నాకెందుకమ్మా? మా ముగ్గురిలో డ్రా ఇస్తామంటే వద్దనే మగోడు ఒక్కడు లేడు. మాకు అట్లాంటి మనిషే కావల్ల. వస్తావా?"

వెంటనే అవునని అనలేదు. నాకు రెండున్నరేళ్ళ పాప ఉందని చెప్పాను. జ్వరం వస్తే ఆ వారం రాననీ చెప్పాను. మ్యాచ్ మధ్యలో ఫోను ఆపితే నా తల సగం ఇంట్లోనే ఉంటుందని కూడా, ఎందుకో, చెప్పేశాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఫోను నా పెండ్లాం చేతికియ్యి. అంగడి ఆమె సూస్తాది గానీ మ్యాచులకు ఆమె గూడ వస్తాది. ఇంటినుంచి ఫోన్ వస్తే ఆమె వచ్చి చెప్తాది. ఊరికే చేసింటే చెప్పదు. ఆమెకు ఐదుమంది పిల్లలు, తేడా తెలుసు," అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను ఎవరినీ అంత మాట అడగలేకపోయాను. అడగొచ్చని కూడా తోచలేదు. అక్కడే ఆ నీళ్ళకుండ పక్కన ఆయన మడతపెట్టిన కాగితం తీశాడు, వచ్చే ఏడు జట్టు పేర్లది. నా పేరు రాసి సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొదట నవ్వాడు, తర్వాత రాప్తాడు బస్సుల వేళలు రాసి అంగడి గోడకు అంటించాడు. మా అత్త, "ఒక ఊరోళ్ళు వద్దంటే ఇంకో ఊరు చూసుకుంటివా? ఇది నా పెండ్లప్పుడు తెలిసింటే బాగుండు," అంది. మా మామ పక్కనే కూర్చొని వినపడనట్టు పేపరు తిప్పాడు.

కొత్త లీగు పట్టిక నిన్ననే వచ్చింది. సాయంత్రం సిమెంటు దుకాణం కెప్టెన్ అంగడికి వచ్చాడు. ఈసారి సామాన్ల వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా గల్లా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, రాప్తాడు తరఫున పేరిచ్చినావంట?"

"ఇచ్చినా అన్నా."

"మొదటి మ్యాచ్ మాతోనే పడింది, చూసినావా?"

"చూసినా."

"మా మీదికే వస్తావా అయితే?"

"మీ నాలుగో బోర్డు మీదికి వస్తాన్నా. ఆడ ఎవరిని కూచోబెడితే వాళ్ళతో ఆడతా."

ఆయన నన్నూ, నా పక్కన బల్ల మీద నిలబడి ఉన్న పాపనూ చూశాడు. "తొమ్మిదో తరగతి పిల్లమ్మా. కొంచెం సూసి ఆడు," అన్నాడు.

"లేదన్నా. బాగా సిద్ధం చేసి తెచ్చుకోండి," అన్నాను.